ఆన్‌లైన్ కోర్సు స్లైడ్స్‌లో లింకులు ఓపెన్ అవ్వట్లేదా? ఇలా చెక్ చేయండి

"సార్, మూడో యూనిట్ పీపీటీలో లింక్ ఓపెన్ అవ్వట్లేదు" అని రాత్రి పదకొండింటికి ఒక స్టూడెంట్ మెసేజ్ పెట్టింది, తెల్లారితే అసైన్‌మెంట్ లాస్ట్ డేట్. నా ల్యాప్‌టాప్‌లో నొక్కి చూస్తే టక్కున ఓపెన్ అయింది, నీ నెట్ స్లోగా ఉందేమోనమ్మా అనేశాను. పొద్దున్నకల్లా ఇంకో నలుగురు అదే మాట. ఫైల్ నా గూగుల్ డ్రైవ్‌లో ఉంది, లాగిన్ అయింది నేనే, కాబట్టి నాకు ఓపెన్ అవుతుంది, పిల్లలకి మాత్రం రిక్వెస్ట్ యాక్సెస్ అనే పేజీ వస్తోంది. డేట్ అయితే పెంచాం గానీ ఆ అమ్మాయి రాత్రంతా టెన్షన్ పడింది, అది నాకు ఇప్పటికీ బాధే.

అందుకే ముందు స్టూడెంట్‌ని స్క్రీన్‌షాట్ అడగండి. "ఓపెన్ అవ్వట్లేదు" అనే ఒక్క మాట వెనక నాలుగు రకాల ప్రాబ్లమ్స్ ఉంటాయి. రిక్వెస్ట్ యాక్సెస్ అని వస్తే పర్మిషన్ లేదు, 404 అని వస్తే ఆ అడ్రస్‌లో పేజీ లేదు, నొక్కినా అసలేమీ జరగకపోతే స్లైడ్‌లోనే తేడా ఉంది, వేరే ఇంకేదో ఓపెన్ అయితే లింక్ తప్పు అతికించాం.

తర్వాత ఇన్‌కాగ్నిటో విండో (మన లాగిన్ లేకుండా తెరుచుకునే బ్రౌజర్ విండో) తెరిచి, ఎడిట్ చేసే ఫైల్ కాదు, పిల్లలకి పంపిన లింకే అందులో పెట్టి ప్రతి లింకూ నొక్కండి. కుదిరితే ఫోన్‌లో కూడా చూడండి, మన పిల్లల్లో చాలామంది చదివేది ఫోన్‌లోనే కదా.

పర్మిషన్ సంగతైతే డ్రైవ్‌లో ఆ ఫైల్‌కి షేర్ నొక్కి, జనరల్ యాక్సెస్‌లో ఎనీవన్ విత్ ద లింక్ పెట్టి, వ్యూయర్ అని ఉంచండి. స్లైడ్స్ పబ్లిష్ చేశాం కదా, లోపల లింక్ ఇచ్చిన ఫైల్స్ కూడా ఓపెన్ అయిపోతాయిలే అనుకుంటాం, కానీ అవ్వవు, ఒక్కో ఫైల్‌కి పర్మిషన్ విడిగా ఇవ్వాల్సిందే. పాత కోర్సులో డ్రైవ్ లింకులు ఉంటే ఇంకోటి కూడా చూడాలి, 2021 సెప్టెంబర్‌లో గూగుల్ సెక్యూరిటీ అప్‌డేట్ చేసింది, దాంతో అప్పటి కొన్ని లింకులు కొత్తగా ఓపెన్ చేసేవాళ్ళకి యాక్సెస్ అడుగుతాయి, షేర్‌లోంచి ఫ్రెష్‌గా కాపీ చేసి మార్చేయడమే.

నొక్కినా ఏమీ జరగట్లేదంటే పీడీఎఫ్ ఎలా చేశారో గుర్తు తెచ్చుకోండి. పవర్‌పాయింట్‌లో ప్రింట్ టు పీడీఎఫ్ కొడితే నీలం రంగు, కింద గీత అన్నీ ఉంటాయి గానీ లింక్ మాత్రం పోతుంది, సేవ్ యాజ్‌లోకి వెళ్ళి పీడీఎఫ్ సెలెక్ట్ చేయాలి. అదీ కాకపోతే లింక్ మీద ఖాళీ టెక్స్ట్ బాక్స్ ఏదైనా పడుకుని ఉందేమో చూడండి, కంటికి కనపడదు, క్లిక్ మాత్రం అదే మింగేస్తుంది. దాన్ని డిలీట్ చేస్తే సరి.

ఇక 404 వస్తే లింక్ మీద కర్సర్ పెట్టి కంట్రోల్, కె నొక్కండి, అసలు అడ్రస్ కనిపిస్తుంది. చివర్లో ఫుల్‌స్టాప్ గానీ స్పేస్ గానీ అంటుకుందా చూడండి. తెలుగు వికీపీడియా లింకులతో నేను చాలా ఇబ్బంది పడ్డాను, కాపీ చేస్తే 'అ' అనే ఒక్క అక్షరమే పర్సెంట్ గుర్తులతో కలిపి తొమ్మిది క్యారెక్టర్లు అవుతుంది, పేజీ పేరు పెద్దదైతే అడ్రస్ రెండు మూడు లైన్లు పాకుతుంది, మధ్యలో ఎంటర్ పడితే మొదటి లైనే లింక్ అవుతుంది. అందుకని అలాంటి అడ్రస్‌ని స్లైడ్ మీద పరవకండి, "ఈ వ్యాసం చదవండి" అని రాసి దానికి లింక్ పెట్టండి. అడ్రస్ సి డ్రైవ్ అని మొదలైతే ఆ ఫైల్ మీ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా ఓపెన్ కాదు. goo.gl అని ఉండే గూగుల్ పాత షార్ట్ లింకులు కూడా చాలావరకు 2025 ఆగస్టులో ఆగిపోయాయి, ఒరిజినల్ అడ్రస్ వెతికి పెట్టుకోండి. పేజీయే తీసేసి ఉంటే, పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో పాత అడ్రస్ వేసి చూడండి, కాపీ దొరికితే ఆ లింకే ఇచ్చేయొచ్చు.

పోయినేడాది స్లైడ్స్ కాపీ చేసి కొత్త బ్యాచ్‌కి వాడేవాళ్ళు ఇది తప్పకుండా చూడాలి, "5వ స్లైడ్‌కి వెళ్ళు" లాంటి బటన్‌కి బ్రౌజర్ అడ్రస్ కాపీ చేసి అతికించి ఉంటే అది పాత ఫైల్‌కే తీసుకెళ్తుంది. లింక్ బాక్స్‌లో ఈ ప్రెజెంటేషన్‌లో ఉన్న స్లైడ్స్ లిస్ట్ వస్తుంది, అందులోంచి ఎంచుకోండి.

సరిచేశాక గూగుల్ స్లైడ్స్‌లో అయితే పబ్లిష్ చేసిన లింక్ మారదు, కొద్ది నిమిషాల్లో అదే అప్‌డేట్ అవుతుంది. పీడీఎఫ్ అయినా, మూడుల్ (Moodle) అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో పెట్టిన స్కార్మ్ (SCORM) ప్యాకేజీ, అంటే పాఠమంతా ఒకే జిప్ ఫైల్‌గా కట్టింది అయినా మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి పాతదాని ప్లేస్‌లో అప్‌లోడ్ చేయాలి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. అప్‌లోడ్ అయ్యాక ముందుగా కంప్లైంట్ చెప్పిన స్టూడెంట్‌కే మెసేజ్ పెట్టి, ఇప్పుడు ఓపెన్ అయిందా అమ్మా అని అడగండి.