కొత్త సాఫ్ట్‌వేర్ కొనే ముందు మీకు ఏది ముఖ్యమో తేల్చుకోవడం ఎలా?

డెమోలో చూస్తే ఏ సాఫ్ట్‌వేరైనా బాగానే ఉంటుంది. అమ్మే మనిషి తన సరుకులో ఏది చూపిస్తే బాగుంటుందో దాన్నే చూపిస్తాడు, అందులో తప్పేమీ లేదు. చిక్కంతా మన వైపే. మనకేం కావాలో తేల్చుకోకుండా డెమోకి కూర్చుంటే, అక్కడ కనిపించిందే మనకు కావాల్సిందని అనిపించడం మొదలవుతుంది. రంగురంగుల గ్రాఫులు చూసి కొన్నవాళ్లు ఆర్నెల్లు తిరిగేసరికి పాత ఎక్సెల్ ఫైలులోనే లెక్కలు రాసుకుంటూ కనిపిస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది. అందుకే ఏ కంపెనీ పేరూ వెతకకముందే ఈ పని మొదలుపెట్టమంటాను.

ఉదాహరణకి ఒక చిన్న వ్యాపారానికి బిల్లింగ్, స్టాకు చూసుకునే సాఫ్ట్‌వేర్ కావాలనుకుందాం. క్లినిక్‌కైనా, లైబ్రరీకైనా, ఇంట్లో ఫొటోలు సర్దుకోవడానికైనా పద్ధతి ఇదే.

1. ఫీచర్లు కాదు, పనులు రాయండి

"బార్‌కోడ్ ఉండాలి" అని రాయకండి. "కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉన్నా ఒక్కో బిల్లు నిమిషంలోపు అయిపోవాలి" అని రాయండి. రెండోది అవసరం, మొదటిది దాన్ని తీర్చే దారుల్లో ఒకటి మాత్రమే. దారిని రాసుకుంటే ఉందా లేదా అని టిక్కు పెట్టి ఊరుకుంటాం. బార్‌కోడ్ ఉండి కూడా బిల్లుకి మూడు నిమిషాలు తినే సాఫ్ట్‌వేర్‌కీ ఆ టిక్కు పడిపోతుంది.

ఈ జాబితా ఒక్క పూటలో పూర్తి చేయొద్దు. 1772లో అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడు, శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీకి ఒక ఉత్తరం రాశాడు. నిర్ణయం కష్టమైనప్పుడు కాగితాన్ని రెండు భాగాలు చేసి, మంచీ చెడూ మూడు నాలుగు రోజుల పాటు తోచినప్పుడల్లా రాసుకుంటానని అందులో చెప్పాడు. కారణాలన్నీ ఒకేసారి మనసుకు తట్టవని ఆయన గమనించాడు. సాఫ్ట్‌వేర్ విషయంలో ఇది మరీ నిజం, నెలాఖరు వస్తేగానీ నెలాఖరు బాధలు గుర్తుకురావు. ఆ పని రోజూ చేసే మనిషి పక్కన ఓ గంట కూర్చుని చూడండి. యజమాని చెప్పే జాబితా ఒకలా ఉంటుంది, కీబోర్డు ముందు కూర్చునే మనిషి చెప్పేది ఇంకోలా ఉంటుంది. నేనైతే రెండోదాన్నే ఎక్కువ నమ్ముతాను.

2. ఎన్నిసార్లు వస్తుంది, చెడితే ఏం పోతుంది

ప్రతి పని పక్కనా ఈ రెండూ రాయండి. రోజుకి 60 బిల్లులు వేసే చోట ఒక్కో బిల్లుకి 20 సెకన్లు కలిసొస్తే రోజుకి 20 నిమిషాలు మిగులుతాయి. ఏడాదికోసారి తీసే అందమైన రిపోర్టుకి అంత విలువ లేదు.

అలాగని ఎన్నిసార్లు వస్తుందన్నది ఒక్కటే చూసినా దెబ్బతింటాం. బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తెచ్చుకోవాల్సిన రోజు ఏళ్ల తరబడి రాకపోవచ్చు. వచ్చిన రోజున మాత్రం ఇంకేదీ గుర్తుండదు. అరుదుగా వచ్చి నిలువునా ముంచేవి జాబితా అడుక్కి జారిపోకుండా వాటి పక్కన చుక్క పెట్టుకోండి.

3. నాలుగు కుప్పలుగా విడదీయండి

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు వాడే "మాస్కో" పద్ధతి కొనేవాళ్లకీ బాగా పనికొస్తుంది. 1994లో ఒరాకిల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నప్పుడు డై క్లెగ్ అనే ఆయన దీన్ని రూపొందించాడు. ఆ నగరంతో దీనికి సంబంధం లేదు, నాలుగు ఇంగ్లిష్ మాటల్లోంచి ఏరిన అక్షరాలతో కట్టిన పేరు అది. తప్పనిసరి, ఉండాల్సినవి, ఉంటే మంచివి, ఈసారికి వద్దు అన్నవి ఆ నాలుగు కుప్పలు.

మొదటి కుప్పలో అన్నీ వేసేయాలనిపిస్తుంది. ప్రతి అంశం దగ్గరా ఈ ప్రశ్న వేసుకోండి: ఇది ఒక్కటీ లేకుండా మిగతాదంతా ఉచితంగా ఇస్తామంటే తీసుకుంటానా? "తీసుకుంటాను" అని జవాబొస్తే అది తప్పనిసరి కాదు. ఇలా వడపోస్తే చిన్న వ్యాపారానికి సాధారణంగా నాలుగైదుకి మించి మిగలవు. నాలుగో కుప్పని మాత్రం చిన్నచూపు చూడకండి. "ఈసారికి వద్దు" అని ముందే రాసిపెట్టుకున్నది డెమోలో తళతళలాడుతూ ఎదురైనప్పుడు మనసు జారకుండా ఆ కాగితమే ఆపుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తప్పనిసరి అంశాలకి కూడా మార్కులు వేసి మిగతావాటితో కలిపేస్తారు. అప్పుడు నెట్ పోగానే ఆగిపోయే సాఫ్ట్‌వేర్ మిగతా పది విషయాల్లో మంచి మార్కులు తెచ్చుకుని పైకి వచ్చేస్తుంది. నెట్ లేని పూట ఆ మార్కులు బిల్లు వేయవు కదా! తప్పనిసరివన్నీ గుమ్మం లాంటివి. దాటినవాటినే లోపలికి రానివ్వండి, ఒక్కటి తప్పినా పక్కన పెట్టేయండి.

4. మిగిలినవాటిని జంటలుగా పోటీ పెట్టండి

పది అంశాలు ముందేసుకుని వరుసలో పెట్టమంటే ఎవరికైనా కష్టమే. రెండే పెట్టి, "ఈ రెంటిలో ఒకటే దొరుకుతుందంటే ఏది?" అంటే చెప్పగలం. ప్రతి అంశాన్నీ మిగతా ప్రతిదానితోనూ పోల్చి, ఏది ఎన్నిసార్లు గెలిచిందో లెక్కపెట్టండి. ఆరు అంశాలకి 15 పోలికలు, పదింటికి 45. ఒక గంటలో అయిపోతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి కొంటుంటే ఎవరి కాగితం మీద వాళ్లు విడివిడిగా చేయాలి. గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే అప్పుడు చెల్లిపోదు. ఫలితాలు కలిసిన చోట చర్చ అక్కర్లేదు, తేడా వచ్చిన చోటే కూర్చుని మాట్లాడుకోండి. లెక్కలు చూసేవాళ్లకి ఫలానాది ఎందుకంత ముఖ్యమో కౌంటర్‌లో ఉండేవాళ్లకి చాలాసార్లు అప్పుడే తెలుస్తుంది.

5. మార్కులు వేయండి, కానీ కదిపి చూడండి

గెలిచిన వరుసని బట్టి ప్రతి అంశానికీ ఒక బరువు, అంటే అది మీకెంత ముఖ్యమో చెప్పే అంకె, ఇవ్వండి. వేగానికి 5, నేర్చుకోవడం తేలికగా ఉండటానికి 3, ఫోన్‌లో చూసుకోవడానికి 2 అనుకుందాం. ఒక సాఫ్ట్‌వేర్‌కి వీటిలో వరుసగా 4, 3, 5 మార్కులు వస్తే, ఒక్కో మార్కుని దాని బరువుతో గుణించి కలిపితే మొత్తం 39. ఇంకోదానికి 5, 4, 2 వస్తే 41. రెండోదే నెగ్గింది. ఇప్పుడు ఫోన్ బరువు 2 నుంచి 3 చేయండి. మొదటిది 44, రెండోది 43 అవుతాయి, వరుస తారుమారైంది.

బరువు కాస్త కదిపితేనే తిరగబడే ఫలితాన్ని గెలుపు అనుకోకండి. ఆ రెండూ మీకు సమానమే, వాడి చూసి తేల్చుకోవాల్సిందే.

6. బయటికి వచ్చే దారి ముందే చూసుకోండి

మీరు ఏ సాఫ్ట్‌వేర్ కొంటున్నా డేటా బయటికి తీసుకోగలగడాన్ని తప్పనిసరి కుప్పలోనే వేయమని నా సలహా. రకరకాల సైట్లలో వచ్చే కొత్త రాతల్ని ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్ అనే సేవని మూసేస్తున్నట్టు గూగుల్ 2013 మార్చిలో చెప్పి, జులై 1న మూసేసింది. అంత పెద్ద కంపెనీ సేవకే ఆ గతి పట్టింది. అయితే చదివే సైట్ల జాబితాని ఓపీఎంఎల్ అనే, వేరే రీడర్లు కూడా చదవగలిగే ఫైలు రూపంలో దించుకునే వీలుండబట్టి, దించుకున్నవాళ్లు ఇంకో రీడర్‌లోకి మారిపోగలిగారు.

"ఎక్స్‌పోర్ట్ ఉందా?" అని అడిగితే ఉందనే అంటారు. ట్రయల్ మొదటి రోజే మీరే చేసి చూడండి. వచ్చిన ఫైలుని వేరే ప్రోగ్రామ్‌లో తెరవండి. పేర్లలోని తెలుగు అక్షరాలు చెక్కుచెదరకుండా వచ్చాయా? తేదీలు సరిగ్గా ఉన్నాయా? జతచేసిన బిల్లుల కాపీలు కూడా వచ్చాయా? పీడీఎఫ్ మాత్రమే ఇస్తే అది చదువుకోవడానికే, ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి కాదు. సీఎస్‌వీ లాంటిది, అంటే వేరే ప్రోగ్రాములు కూడా చదవగలిగే మామూలు పట్టిక ఫైలు కావాలి.

7. ధరని మూడేళ్లకి లెక్కేయండి

చందా, ఒక్కో మనిషికి అదనంగా తీసుకునే రుసుము, పాత డేటా ఎక్కించే ఖర్చు, నేర్చుకునే రోజుల్లో పని మందగించే నష్టం, అన్నీ కలపండి. మొదటి ఏడాది తగ్గింపు చూసి మురిసిపోకండి, రెండో ఏడాది ధర ఎంతో రాతపూర్వకంగా అడగండి.

8. మీ దగ్గరున్న చిక్కు లెక్కలతోనే ట్రయల్ చేయండి

వాళ్లిచ్చే నమూనా డేటాలో అన్నీ సజావుగానే ఉంటాయి. మీరు పోయిన నెల బిల్లుల్లోంచి చిక్కువి ఏరండి: సగం డబ్బు కట్టి వెళ్లినవాళ్లు, వెనక్కి వచ్చిన సరుకు, రద్దయి మళ్లీ వేసిన బిల్లు, ఒకే పేరున్న ఇద్దరు ఖాతాదారులు. వీటిని రోజూ బిల్లులు వేసే మనిషి చేతే వేయించండి. పక్కన కూర్చుని ఎక్కడ ఆగుతున్నారో చూడండి, మీరు చెప్పిపెట్టకండి. ఇరుక్కున్నప్పుడు కంపెనీ సపోర్టుకి ఒక ప్రశ్న పంపి, జవాబు ఎన్ని గంటల్లో వచ్చిందో రాసుకోండి. కొన్న తర్వాత అంతకంటే త్వరగా వస్తుందని ఆశపడటం కష్టం.

ఈ కాగితాలేవీ కొన్నాక పారేయకండి. చందా మళ్లీ కట్టాల్సిన తేదీకి నెల ముందు తీసి, నాలుగు కుప్పలూ ఇంకా అలాగే ఉన్నాయో ఏవైనా చోటు మారాయో చూసుకోండి. వేరేదానికి మారాలనిపిస్తే డేటా దించుకోవడానికి ఆ నెల రోజులు సరిపోతాయి.