మనసుకు కావలి, 4వ పాఠం: దర్వాజ కాడ మలుపు

అందరికీ వందనాలు. పోయిన పాఠంల బైబిల్‌ల ఉన్న సామెతలు అనే పుస్తకం రోజుకో అధ్యాయం చదువుడు మొదలువెట్టినం, మొత్తం 31 అధ్యాయాలు గాబట్టి ఏ తారీకుకు ఆ అధ్యాయం, ఎక్కడిదాక వచ్చినమో గుర్తువెట్టుకునే పని లేదు. రెండు రోజులు తప్పిపోతే వెనుకకు పోయి బాకీ తీర్చకుండ్రి, ఆ రోజుది చదువుండ్రి అంతే. బాకీ తీర్చుడు మొదలైతే వారం దిరిగేసరికి బైబిల్ చూస్తెనే భయమైతది, నాకు అట్లనే అయింది.

4వ తారీకు చదివినోళ్లకు 23వ వచనం తగిలి ఉంటది, "అన్నిటికంటె ముఖ్యముగా నీ హృదయమును భద్రముగా కాపాడుకొనుము". సరే గాని ఎట్ల కాపాడుకోవాలె?

ఖిలా వరంగల్ పోయింది యాది జేసుకోండ్రి. రాతికోట దర్వాజల బండి నేరుగ దూసుకపోదు, మలుపు దిరగాలె. ఆటోలోళ్లు హారన్ కొట్టుకుంట విసుక్కుంట తిరుగుతరు గాని కోట కట్టినోళ్లు కావాల్ననే అట్ల కట్టిన్రు, దండు ఎంత జోరుమీద వొచ్చినా ఆడ స్లో కావాల్సిందే, అప్పుడు పైనున్న కావలోళ్లకు మొఖం కనవడ్తది. మనసు గూడ అట్లనే. తలంపు అసలే రాకుంట ఆపుడు మనతోని కాదు, నేను మస్తు ట్రై చేసిన. వచ్చినదాన్ని నేరుగ లోపటికి పోనియ్యకుంట ఒక్క నిమిషం తిప్పుడు మాత్రం నేర్చుకోవచ్చు. ఆ మలుపే బైబిల్ వాక్యం.

ఈ వారం ఫిలిప్పీ 4:6,7, అంటె ఫిలిప్పీ ఊరి విశ్వాసులకు అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం. పౌలు ఇది సంకెళ్లల్ల ఉండి రాసిండు (1:13 చూడుండ్రి), అందుకేనేమో దేవుని సమాధానం (అంటె శాంతి) మీ హృదయములకును మీ తలంపులకును "కావలియుండును" అన్నడు, గ్రీకుల గూడ అది సిపాయిలు కాపలా కాసే మాటనే. మనకైతే మక్క చేన్ల పందులు పడకుండ రాత్రంత మంచె మీద కూసునేటోడు యాదికొస్తడు.

ఇగ పని. పొద్దుగాల ఫోన్ పట్టకముందే నోట్‌బుక్ తీయుండ్రి. యాప్‌ల వచనం వస్తది గదా అంటరు, అది చూడవోయి పక్కన స్టేటస్‌లు చూసుకుంట కూసుంటం. చేతితోనే రాయాలె. 6వ వచనం నాలుగు ముక్కలు చేయుండ్రి: "దేనినిగూర్చియు చింతపడకుడి", "గాని ప్రతి విషయములోను", "ప్రార్థన విజ్ఞాపనములచేత కృతజ్ఞతాపూర్వకముగా", "మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి". ముక్క ముక్కకు నడుమ రెండు గీతలు జాగ వదిలి ఆ జాగల మీ సంగతి మీ మాటల్లనే రాయుండ్రి, ప్రార్థన భాష అవసరం లేదు.

పోయిన సోమవారం నేను మొదటి ముక్క కింద "తోడల్లుడు కాజీపేటల ప్లాట్ కొన్నడు, నేను కొనలే" అని రాసిన. రెండు రోజుల సంది లోపల తిరుగుతుంటె పేద్ద అన్యాయం లెక్క ఉండె, కాయితం మీద చూస్తె ఆరు మాటలు. సిగ్గనిపించింది. "కృతజ్ఞతాపూర్వకముగా" కాడ పెన్ను ఆగిపోయింది, చాలాసేపు ఏం రాలే, ఆఖరికి "అమ్మకు షుగర్ తగ్గింది" అని రాసిన.

పగలు అదే తలంపు మల్ల వస్తది, బస్సుల, గిన్నెలు తోముతుంటె, ఎక్కడన్న. అప్పుడు వచనం మొత్తం గుర్తుకురాకున్నా పర్వాలేదు, మొదటి ముక్క నోట్లనే మెల్లగ అనుకోండ్రి, పొద్దుగాల రాసింది దేవునికి ఇంకోసారి చెప్పుండ్రి. ఇరవై సార్లు వస్తె ఇరవై సార్లు. వారాల తరబడి నిద్రలేక గుండె దడదడ ఉన్నోళ్లు మాత్రం ప్రార్థనతోని పాటు డాక్టర్ దగ్గరికి గూడ పోండ్రి, అది విశ్వాసం తక్కువై కాదు.

ఏడు రోజులు ఈ ఒక్క వచనమే, కొత్తది ఎత్తుకోకుండ్రి. వచ్చే పాఠం నోటికి కావలి, కీర్తన 141:3. ఈలోపట ఇంట్ల ఎవరితోనన్న లొల్లి అయితే మీరేమన్నరో ఉన్నదున్నట్టు ఒక పేజీల రాసిపెట్టుండ్రి, దాంతోనే పని ఉంది.