గీసిన బొమ్మను కాన్వాస్ మీదకి దించడం ఇలా

కాన్వాస్ మీదే గీసి, చెరిపి, మళ్లీ గీస్తే తెల్లటి పూత మురికైపోతుంది, అందుకే బొమ్మను ముందు కాగితం మీద తేల్చుకోండి. చూసి గీయడానికి మెహదీపట్నం రైతుబజార్ నుంచి రెండు సీతాఫలాలు, పక్కన ఇరానీ చాయ్ కప్పూ సాసరూ చాలు. గట్టి కాయలే తెచ్చుకోండి, పండినవైతే బొమ్మ పూర్తయ్యేలోపే మెత్తబడిపోతాయి. కిటికీ దగ్గర పెట్టి ట్యూబ్‌లైట్ ఆపేయండి, వెలుగు ఒకవైపు నుంచే రావాలి.

కాగితం మీద బొమ్మ గీశాక, దాని వెనకవైపు, గీతలున్న చోటల్లా 6బీ పెన్సిల్‌ను (మెత్తగా, నల్లగా గీసేది) పక్కకి వాల్చి రుద్ది, దూదితో పల్చగా సర్దండి. రుద్దిన వైపు కిందకి వచ్చేలా కాన్వాస్ మీద పెట్టి పై అంచుకి మాత్రమే టేప్ వేస్తే మధ్యమధ్యలో ఎత్తి చూసుకోవచ్చు. కాన్వాస్ వెనక, ఫ్రేమ్ లోపల పట్టేంత పుస్తకం ఒకటి పెట్టండి, లేకపోతే పెన్ను ఒత్తిడికి గుడ్డ లోపలికి పోతుంది. ఎర్ర బాల్‌పెన్నుతో గీతల మీద తిప్పండి, ఎక్కడిదాకా వచ్చారో తెలుస్తుంది.

ఆఫీసుల్లో వాడే కార్బన్ పేపర్ మాత్రం వద్దు, ఆ గీత సరిగా చెరగదు, లేత రంగుల కింద నుంచి కనిపిస్తుంది. ముదురు రంగు పూత మీదైతే పెన్సిల్‌కి బదులు సుద్ద రుద్దండి.

రంగులేసేటప్పుడు కళ్లు సగం మూసి చూడండి, నీడలు ఒక్క ముద్దగా కనిపిస్తాయి, ముందు అవి వేయండి. సీతాఫలం కళ్లు అన్నీ గీయక్కర్లేదు, వెలుగూ నీడా కలిసే చోట నాలుగైదు తేల్చితే చాలు.