ప్రైజ్ మనీ రేసులో దిగుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

పరుగు పందేల్లో ప్రైజ్ మనీ గొడవలు బయటపడేది ఫినిష్ లైన్ దగ్గరే అయినా, చాలావాటికి మూలం రిజిస్ట్రేషన్ రోజున చదవకుండా టిక్ పెట్టేసిన రూల్స్‌లో ఉంటుంది. పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో వేసేది మొత్తం బహుమతుల సొమ్ము. అందులో మీ కేటగిరీ వాటా ఎంత, ఎన్నో స్థానం వరకు ఇస్తారు, డబ్బిస్తారా కూపన్లా, వయసును ఏ తేదీకి లెక్కేస్తారు అన్నవి చూసి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఎక్కువమంది బోల్తా పడేది టైమ్ దగ్గర. మీరు గుంపులో వెనక నిలబడ్డారు, గన్ పేలిన 40 సెకన్లకు, మీ చిప్‌ను గుర్తించే స్టార్ట్ మ్యాట్ దాటారు అనుకుందాం. మ్యాట్ దాటినప్పటి నుంచి లెక్కేసే చిప్ టైమ్ 39:50 వస్తే, గన్ పేలినప్పటి నుంచి లెక్కేసే గన్ టైమ్ 40:30 అవుతుంది. ముందు వరుసలో గన్‌తోపాటే బయల్దేరి 40:10కి చేరినవాళ్లు మీకంటే ముందున్నట్టే. అథ్లెటిక్స్ అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం స్థానాలు తేల్చేది గీత ఎవరు ముందు దాటారన్నదే. నా మటుకు నాకు ఇదే సబబు: పోటీ పక్కన కనిపించే మనిషితో ఉండాలి గానీ, ఎక్కడో వెనక బయల్దేరినవాళ్ల చిప్‌తో కాదు. అయితే ఏజ్ కేటగిరీలకు చిప్ టైమ్ చూసే రేసులూ ఉన్నాయి. ముందే అడగండి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. బహుమతి మీద ఆశ ఉంటే మొహమాటపడకుండా ముందు వరుసలో నిలబడండి.

ఎలైట్లకు (అగ్రశ్రేణి రన్నర్లకు) వేరే స్టార్ట్ ఉంటే చిక్కు ఇంకా పెద్దది. 2008లో శాన్ ఫ్రాన్సిస్కో మహిళల మారథాన్‌లో ఎలైట్లు 20 నిమిషాలు ముందే బయల్దేరారు. సాధారణ రన్నర్లతో వచ్చిన ఒక టీచర్ వాళ్లందరికంటే తక్కువ టైమ్‌లో పూర్తిచేసినా, నిర్వాహకులు మొదట విజేతగా ఒప్పుకోలేదు. విమర్శలు వచ్చాకే ఆమెనూ విజేతల్లో చేర్చారు.

స్నేహితుడి బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) వేసుకుని పరిగెత్తకండి, బహుమతి మాట అటుంచి నిషేధం పడొచ్చు. చిప్ అంటించిన బిబ్‌ను మడవకండి, జాకెట్ కింద దాచకండి. షూ సోల్ మందం చూసుకోండి: రోడ్డు రేసుల్లో పరిమితి 40 మి.మీ. 2021 వియన్నా మారథాన్‌లో మొదట వచ్చిన డెరారా హురిసా సోల్ 10 మి.మీ. ఎక్కువైనందుకు డిస్‌క్వాలిఫై అయ్యాడు. నీళ్లు కూడా స్టాల్ దగ్గరే తీసుకోండి. దారిలో ఇంట్లోవాళ్లు సీసా అందించినా అది బయటి సాయం కిందికి రావచ్చు.

ఫలితం తప్పనిపిస్తే వాట్సాప్ గ్రూపులో రుసరుసలాడి లాభం లేదు. వరల్డ్ అథ్లెటిక్స్ రూల్స్ పాటించే పోటీల్లో అధికారిక ఫలితం ప్రకటించిన 30 నిమిషాల్లోపే రిఫరీ దగ్గర అభ్యంతరం చెప్పాలి. కాబట్టి ఫలితాలు పెట్టేదాకా మెడల్ ఫోటోల కోసం దూరంగా వెళ్లకండి. మీ వాచ్ రికార్డు, బిబ్ నంబరు, ఫినిష్ దగ్గర ఎవరైనా తీసిన వీడియో చేతిలో పెట్టుకోండి. కేకలు వేసేవాళ్లకంటే వీడియో చూపించేవాళ్ల మాటకు బలం ఎక్కువ.

డబ్బు ఎప్పుడు వేస్తారో, పన్ను కోత ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. పెద్ద రేసుల్లో డోప్ పరీక్ష ఫలితం వచ్చేదాకా సొమ్ము ఆపుతారు, అది మామూలే. రెండో స్థానం వచ్చినవాళ్లూ కాగితాలు పారేయొద్దు. 2014 బోస్టన్ మారథాన్‌లో మొదట వచ్చిన రీటా జెప్టూ తర్వాత డోపింగ్ కేసులో టైటిల్ పోగొట్టుకుంటే, అది రెండో స్థానంలో వచ్చిన బుజునెష్ డెబాకు దక్కింది. పెరిగిన బహుమతి సొమ్ము కోసం మాత్రం ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. అందుకే రసీదులో ఇక ఏ బాకీ లేదన్నట్టు రాసి ఉంటే, చదివాకే సంతకం పెట్టండి.