ఉద్యోగుల్ని వేరే ఊరికి పంపాలంటే: నైపుణ్యాన్ని బట్టి ప్యాకేజీ కట్టడం ఎలా?

వేరే ఊళ్లో కొత్త యూనిట్ తెరిచి అందరికీ ఒకే తరలింపు ప్యాకేజీ (ఊరు మారేవాళ్లకు ఇచ్చే డబ్బు, సాయం) ప్రకటిస్తే ఇంజినీర్లు కదులుతారు, హెల్పర్లు పని మానేస్తారు. హెల్పర్లకు ఆశ లేక కాదు, లెక్క కుదరక. అందుకే ప్రతి గ్రేడుకూ విడిగా లెక్క వేయండి.

పెరిగే జీతంలోంచి అద్దె తేడా తీసేయండి. మిగిలినదానితో తరలింపు ఖర్చును భాగిస్తే, పెట్టిన డబ్బు ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో తేలుతుంది. హెల్పరు, ఇంజినీరు ఎవరి నెల జీతాన్ని వాళ్లకు 100 అనుకుని, ఇద్దరికీ 20 పెంచారనుకుందాం. హెల్పరుకు అద్దె తేడాకే 12 పోతే మిగిలేది 8. ఇంటి అడ్వాన్సు, సామాను రవాణా కలిసి రెండు నెలల జీతం, అంటే 200. తిరిగి రావడానికి 25 నెలలు! ఇంజినీరుకు అద్దె తేడా 4, తరలింపు ఖర్చు 50 అయితే మూడు నెలల పైచిలుకులో వచ్చేస్తుంది. 12 నెలలు దాటే ఏ గ్రేడుకైనా ప్యాకేజీ మార్చాల్సిందే.

హెల్పర్లకు డబ్బు ముందే చేతికివ్వాలి. బిల్లులు పెడితే తర్వాత ఇస్తామనడం అప్పు చేయమన్నట్టే. 2008లో బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ ప్రాంతంలో జరిగిన ప్రయోగంలో, బస్సు చార్జీ కింద 8.50 డాలర్ల సాయం అందేసరికి, లేకుంటే కదలని 22 శాతం కుటుంబాల నుంచి ఒకరు పనికోసం వెళ్లారు. అడ్డుపడేది ఎక్కువగా భయం: అక్కడ పని దొరక్కపోతే? కాబట్టి ఆర్నెల్ల పని హామీ, తిరుగు చార్జీ కాగితం మీద రాసివ్వండి. ఒకే చోటివాళ్లను నలుగురైదుగురిని కలిపి పంపండి. పిల్లల్ని చూసే అమ్మమ్మ, చేబదులిచ్చే పక్కింటివాళ్లు లేనిచోట తోటివాళ్లే ఆసరా.

ఎలక్ట్రీషియన్లు, నర్సుల దగ్గర చిక్కంతా లైసెన్సుతోనే. చాలాచోట్ల అది రాష్ట్రం లేదా దేశం సరిహద్దు దాటితే చెల్లదు. కొత్త చోటికి లైసెన్సు మార్పిడి పూర్తయ్యాకే చేరే తేదీ వేయండి. ఫీజు, ఈలోపు జీతం మీరే భరించండి.

బాగా చదువుకున్న నిపుణులకు డబ్బు అంత అడ్డు కాదు, ఇంట్లో రెండో ఉద్యోగం అడ్డు. ఒకరి కోసం కదిలి తన ఉద్యోగంలో నష్టపోయే భాగస్వామి గురించి ఆర్థికవేత్త జేకబ్ మిన్సర్ 1978లోనే రాశాడు. భాగస్వామికి ఉద్యోగం వెతకడంలో సాయం కావాలా అని ఆఫర్ లెటరుకు ముందే అందరినీ అడగండి. బడి సంవత్సరం మధ్యలో చేరమనకండి.