బండి గుద్దిన లోదెబ్బకు నష్టపరిహారం: శ్రీకాకుళం జిల్లాలో ఎంవీఓపీ (మోటారు ప్రమాద పరిహార పిటిషన్) ఎలా వేయాలి

రక్తం కారితే చూసినవాళ్లే ఆసుపత్రికి తీసుకుపోతారు. కమిలిన దెబ్బతోనే చిక్కు. రణస్థలం దగ్గర హైవే దాటుతుంటే బైకు గుద్దిందనుకోండి. లేచి బట్టలు దులుపుకొని "ఏం పర్లేదులే" అంటాం. రాత్రికి ఊపిరి పీలిస్తే డొక్కలో పోటు మొదలవుతుంది. రెండ్రోజులకు ఎక్స్‌రేలో పక్కటెముక విరిగిందని తేలుతుంది. అప్పటికి చేతిలో బండి నంబరూ ఉండదు, పోలీసు ఫిర్యాదూ ఉండదు. పైకి కనపడని దెబ్బను ట్రిబ్యునల్‌కు, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టుకు, చూపించేది కాగితమే, అందులోనూ మొదటిరోజు కాగితం.

ఆసుపత్రిలో చెప్పే మొదటి మాట

మా పక్కింటాయనకు ఆటో తగిలింది. ఆటో అబ్బాయి తెలిసినవాడే కదా, కేసెందుకని ఆసుపత్రిలో "జారి పడ్డాను" అన్నాడు. డాక్టరు అదే రాశారు. నెల తిరిగేసరికి ఈయనకు భుజం లేవడం లేదు, ఆ అబ్బాయి ఫోనెత్తడం లేదు. తీరా కేసు వేస్తే ఇన్సూరెన్స్ తరఫు లాయరు ముందుగా బయటకు తీసింది ఆ ఓపీ చీటీనే. మొహమాటానికి అన్న ఒక్క మాట మూడేళ్లు వెంటాడింది.

కాబట్టి రిమ్స్‌కు వెళ్లినా, టెక్కలిలో చూపించుకున్నా, బండి గుద్దితే గుద్దిందనే చెప్పండి. ఎక్కడ, ఎన్నింటికి, ఏ బండి అన్నదీ చెప్పండి. డాక్టరు దాన్ని మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు కబురు పంపుతారు. వాపు ఎక్కడుంది, కమిలిన చోటు ఎంత పొడవు అన్నవి తర్వాత డాక్టరిచ్చే గాయాల ధ్రువపత్రం, అంటే ఊండ్ సర్టిఫికెట్‌లోకి ఎక్కుతాయి. కమిలిన రంగు రోజురోజుకీ మారిపోతుంది, అందుకని ఫోన్‌లో మొదటిరోజే ఫొటో తీసి, మూడోరోజు మళ్లీ తీసుకోండి. తలకో కడుపుకో తగిలి మర్నాడు వాంతులో మగతో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, పాత చీటీ చూపించి ఆ సంగతీ రాయించుకోవాలి. విశాఖ కేజీహెచ్‌కు పంపితే ఆ రిఫరల్ కాగితం కూడా పారేయొద్దు.

ఊండ్ సర్టిఫికెట్ చివర గాయం సింపులా (మామూలుదా), గ్రీవియసా (తీవ్రమైనదా) అని ఉంటుంది. ఎముక విరిగితే, పన్ను ఊడితే గ్రీవియస్సే. దెబ్బ వల్ల 15 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా భారతీయ న్యాయ సంహిత దాన్నీ గ్రీవియస్ అనే అంటుంది. పాత ఐపీసీలో ఇది 20 రోజులుండేది. సింపుల్ అని రాసినంత మాత్రాన పరిహారం రాదనుకోకండి. మందుల ఖర్చు, పోయిన కూలి, పడ్డ నొప్పి, వీటికి అడగొచ్చు.

పోలీసు స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవారికి ఉచితం. ప్రమాదం జరిగిన 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాల్సింది పోలీసులే. చట్టప్రకారం ట్రిబ్యునల్ ఆ నివేదికనే దరఖాస్తుగా తీసుకోవచ్చు. అయినా దాని మీద భరోసా పెట్టుకొని ఇంట్లో కూర్చోవద్దని నా సలహా.

ఎక్కడ, ఎప్పటిలోగా

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద వేసే ఈ పిటిషన్‌ను కోర్టుల్లో ఎంవీఓపీ అంటారు. డ్రైవరు, బండి యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చూపించాలి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు నివాసముండే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు. ఉద్దానం నుంచి చెన్నైకో హైదరాబాద్‌కో పనికి వెళ్లి అక్కడ దెబ్బ తిన్నవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. సొంతూరు వచ్చేసి శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు.

"ఎప్పుడైనా వేయొచ్చు" అని పెద్దవాళ్లు అంటుంటారు. 1994 సవరణ తర్వాత చాలాకాలం అది నిజమే. 2019 సవరణతో మళ్లీ ఆరు నెలల గడువు వచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దీనిమీద సుప్రీంకోర్టు దాకా సవాళ్లు వెళ్లాయి కనుక గడువు దాటినవాళ్లు కూడా ఓసారి లాయరును అడగండి. కానీ ఆలస్యం మాత్రం చేయొద్దు.

పిటిషన్‌తో ఎఫ్ఐఆర్, ఊండ్ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, అసలు బిల్లులు, బండి ఆర్సీ, పాలసీ, డ్రైవరు లైసెన్సు కాపీలు, మీ వయసుకు, ఆదాయానికి రుజువులు పెట్టాలి. బండి కాగితాలు పోలీసుల దగ్గర దొరుకుతాయి.

ఎంత వస్తుంది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. సదరం సర్టిఫికెట్‌లో (ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రంలో) 40 శాతం ఉంటే సంపాదన కూడా 40 శాతం పోయినట్టు కాదు. ఆ వైకల్యం వల్ల మీ పనికి ఎంత దెబ్బ తగిలిందో చూడాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో దాదాపు మొత్తం జీవనాధారమే పోవచ్చు. ప్రభుత్వ గుమాస్తాకు జీతం తగ్గకపోవచ్చు. భుజం లేవని కొబ్బరి దింపు కార్మికుడు ఏ లెక్కలోకి వస్తాడో మీకే తెలుసు. అందుకే రోజూ మీరు చేసే పనేమిటో పిటిషన్‌లో విడమరిచి రాయించండి. "కూలీ" అని ఒక్క మాటతో సరిపెట్టొద్దు.

నెలకు 12,000 సంపాదించే 38 ఏళ్ల మనిషికి సంపాదన సామర్థ్యం 20 శాతం తగ్గిందనుకుందాం. ఏడాదికి పోయేది 28,800. ఏడాది నష్టాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకెను గుణకం అంటారు, ఆ వయసుకు అది 15. అంటే 4,32,000. వైద్య ఖర్చులు, నొప్పికి ఇచ్చేది దీనికి అదనం.

లాయరు ఫీజు

వచ్చినదాంట్లో ఇంత శాతం అని లాయరు బేరం పెట్టడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఆసుపత్రి గుమ్మం దగ్గర తిరిగే మధ్యవర్తులకు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే దారి వేరు. ప్రమాదం జరిగిన ప్రాంతపు ఆర్డీవోకో తహసీల్దారుకో దరఖాస్తు ఇవ్వాలి. తీవ్రగాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. కర్రతో కొట్టిన దెబ్బలకు ఈ ట్రిబ్యునల్ పనికిరాదు. అందుకు బాధితుల పరిహార పథకం కింద మళ్లీ న్యాయసేవాధికార సంస్థ దగ్గరికే వెళ్లాలి.

మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ అంటే డబ్బు తొందరగా వస్తుంది. కానీ ఆ అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు, కాబట్టి ఇంకా ఆపరేషన్ చేయాల్సి ఉందేమో డాక్టరును అడిగాకే ఒప్పుకోండి. డబ్బు పడేది బ్యాంకు ఖాతాలోనే. పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.