ఆపరేషన్ థియేటర్ గాలికి బీఎంఎస్‌ను అమర్చే పద్ధతి

ఆసుపత్రికి బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, వాడుకలో బీఎంఎస్ (భవనంలోని ఏసీ, ఫ్యాన్ల వంటి యంత్రాలను కంప్యూటర్‌తో గమనిస్తూ నడిపే వ్యవస్థ), పెట్టించాలనుకున్నప్పుడు చాలామంది కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందన్న లెక్కతో మొదలుపెడతారు. ఆసుపత్రిలో మాత్రం ఏ గదిలోని గాలి ఏ గదిలోకి పోవచ్చు, ఎక్కడికి పోకూడదు అన్నది ముందుగా తేల్చుకోవాలి. థియేటర్ వేడెక్కితే సర్జన్ వెంటనే చెబుతారు. కారిడార్ గాలి థియేటర్‌లోకి వస్తుంటే మాత్రం లోపల ఉన్నవారికి ఏమీ తెలియదు. అందువల్ల గదుల మధ్య పీడనానికే మొదటి కాపలా పెట్టాలి.

ప్లాన్ కాగితం మీద ప్రతి తలుపు దగ్గరా గాలి ఎటు పోవాలో బాణం గుర్తుతో గీయించండి. ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాల ప్రకారం ఆపరేషన్ థియేటర్‌లో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి, అందులో కనీసం 4 సార్లకు సరిపడా బయటి తాజా గాలి ఉండాలి, పక్క ప్రాంతాల కంటే పీడనం కనీసం 2.5 పాస్కళ్లు (పాస్కల్ పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఎక్కువగా ఉండాలి. అంటే గాలి థియేటర్ నుంచి బయటికే పోవాలి. క్షయ రోగులను ఉంచే ఐసొలేషన్ గదికి ఈ బాణం తిరగబడుతుంది: గాలి లోపలికే రావాలి, అక్కడి నుంచి నేరుగా బయటికి పోవాలి.

2.5 పాస్కళ్లు అతి స్వల్పమైన తేడా. సున్నా నుంచి 500 పాస్కళ్ల వరకు కొలిచే సెన్సర్‌లో పూర్తి రేంజిపై ఒక్క శాతం లోపమున్నా అది 5 పాస్కళ్లు, అంటే మనం కొలవదలచిన దానికి రెట్టింపు. అటువంటి సెన్సర్ పెట్టి తెరమీద ఎంత అందమైన బొమ్మలు చూపించినా ప్రయోజనం లేదు. మైనస్ 25 నుంచి ప్లస్ 25 పాస్కళ్ల వరకు కొలిచేది కొనండి. దాని ఒక ట్యూబు థియేటర్‌లోకి, మరొకటి కారిడార్‌లోకి తెరుచుకోవాలి. ఫాల్స్ సీలింగ్ పైభాగంలో వదిలేయకూడదు. రెండు ట్యూబులూ తీసేసినప్పుడు తెరమీద సున్నా కనిపించాలి. ఈ పరీక్షను టెక్నీషియన్ చేత మీ ఎదురుగా చేయించండి.

తీరప్రాంతాల్లో తేమ కూడా ఇంతే ముఖ్యం. థియేటర్‌ను 21 డిగ్రీల దగ్గర, తేమను 60 శాతం లోపు ఉంచాలంటే ఏహెచ్‌యూ (గాలిని శుభ్రపరిచి, చల్లబరిచి గదికి పంపే యంత్రం)లోని చల్లనీటి గొట్టాల చుట్ట, అంటే కాయిల్, గాలిని 13 డిగ్రీల కంటే కిందికి చల్లబరిచి అందులోని తేమను నీరుగా రాల్చాలి, అవసరమైతే ఆ తర్వాత హీటర్‌తో కొద్దిగా వేడిచేయాలి. గది చల్లబడగానే చల్లనీటి వాల్వును మూసేసే సాధారణ థర్మోస్టాట్ తర్కాన్ని విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో వర్షాకాలంలో నడిపితే, ఉష్ణోగ్రత సరిగ్గానే కనిపిస్తూ తేమ మాత్రం పెరిగిపోతుంది. కనుక తేమ సెన్సర్‌కు కూడా వాల్వును తెరిపించే అధికారం ప్రోగ్రాములో ఉండాలి.

కరెంటు ఆదా చేయదగిన చోటు రాత్రివేళ ఖాళీగా ఉన్న థియేటర్. మోటారు వేగాన్ని మార్చే పరికరమైన వీఎఫ్‌డీతో ఫ్యాన్ వేగం తగ్గించవచ్చు కానీ ఫ్యాన్ ఆపకూడదు, పీడనం తేడా 2.5 పాస్కళ్ల కంటే పడిపోకూడదు. అత్యవసర కేసు వస్తే పూర్తి వేగానికి తెచ్చే బటన్ థియేటర్ గోడమీదే ఉండాలి. ఆ సమయంలో సిస్టర్ కంట్రోల్ రూముకు ఫోన్ చేయవలసి రావడం అన్యాయం.

తలుపు తెరిచిన ప్రతిసారీ పీడనం పడుతుంది. ప్రతిసారీ అలారం మోగితే నాలుగు రోజుల్లో దాని నోరు నొక్కేస్తారు. ఒక నిమిషం ఆలస్యం పెట్టి, తలుపు సెన్సర్‌ను దానితో ముడిపెట్టండి. తలుపు మూసి ఉండగానే పీడనం పడితే థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్‌కు, డ్యూటీ టెక్నీషియన్‌కు ఒకేసారి తెలియాలి.

ప్రతి ఏహెచ్‌యూకు విడిగా కంట్రోలర్ ఉండాలి, దానికి యూపీఎస్ కరెంటు అందాలి. ఆక్సిజన్ వంటి మెడికల్ గ్యాసుల పీడనాన్ని బీఎంఎస్ చూడవచ్చు. ఆ గ్యాసుల అలారం ప్యానెల్ మాత్రం బీఎంఎస్‌పై ఆధారపడకుండా స్వతంత్రంగా పనిచేయాలి. పని పూర్తయిందని సంతకం పెట్టేముందు మెయిన్ కరెంటు తీయించి, డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) అందుకున్నాక ఫ్యాన్ తనంతట తానే తిరిగి మొదలవుతుందో లేదో చూడండి. సెంట్రల్ కంప్యూటర్ కేబుల్ పీకించి, పీడనం నిలుస్తుందో లేదో చూడండి. బీఎంఎస్ నెట్‌వర్క్‌ను రోగుల రికార్డుల నెట్‌వర్క్ నుంచి వేరుచేసి, సరఫరాదారు బయటినుంచి లాగిన్ అయ్యే దారిని మరమ్మతు సమయంలో మాత్రమే మీ ఇంజనీరు చేత తెరిపించండి.